చివరి చరణంలో నీ పేరు

ఖాదర్ భాయ్,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మన మిల్లు కార్మిక సంఘం సభలో నీ గజల్ చదవమని నన్ను పిలిచారు. ఇందాక కార్యదర్శి ఇంటికొచ్చాడు.

"కడసి రెండు వరసలు వద్దన్నా. సాయిబు పేరుంది. ఊరు సరి లేదు, రాళ్ళు పడతాయి."

చివరి చరణంలో కవి తన పేరు చెప్పుకోవడం గజల్ ఆచారమని వాడికి తెలుసు. రంజాన్‌లో నీ ఇంటి గంజి తాగి, ఆ వరసలకే చప్పట్లు కొట్టినవాడు.

"అవి కోసేస్తే అది ఎవరి పాటప్పా? నీదా?" అన్నాను.

"మీ ఇష్టం. నేను మాత్రం వాకిలి పక్కన కూర్చుంటా, రాయి పడితే లేచి పోయేదానికి."

అప్పటినుంచి వీధిలో సైకిల్ ఆగినా లేచి తలుపు గడియ చూసుకుంటున్నాను. రేపు నీ పేరు దగ్గర గొంతు వణుకుతుంది. ముసలితనమని జనం అనుకుంటారు. నీకు మాత్రం నిజం చెబుతున్నాను, అది భయం. అయినా గట్టిగానే చదువుతాను.