విరగని రొట్టె

కోట్లీ, మాన్సా జిల్లా

కోడలు నవ్‌రీత్‌ను అత్త బచింత్ కౌర్ దీవించి రాయడమేమంటే, ఇక్కడ మేమందరం, గేదెతో సహా, కులాసా.

మీ ఇంట్లోకి గోధుమ రానివ్వడం లేదని మావాడు జగ్‌సీర్ చెప్పాడు. మన పొలమంతా గోధుమే కదమ్మా! పిల్ల బక్కచిక్కిపోతుంటే ఇంకో రొట్టె పెడతారు గానీ ఉన్నది లాక్కుంటారా? నా మనవరాలు మెహతాబ్ ఏడేళ్ళొచ్చినా నాలుగేళ్ళదానిలా ఉందంటే తిండి చాలకే. గోధుమపిండి నేతిలో వేయించి లడ్డూలు చుట్టి బస్సు కండక్టరుకిచ్చాను. నాయనమ్మ పంపిందని చెప్పి పెట్టు.

నీ అత్త

తా.క. గోధుమ మానమన్న ఆ డాక్టరు అన్నం తినే దేశం నుంచి వచ్చాడా ఏమిటి? కనుక్కో.

*

లూధియానా

బేబేజీ పాదాలకు నమస్కరించి నవ్‌రీత్ రాసుకుంటున్నది.

మీ లడ్డూలు అటక మీద దాచాను. మెహతాబ్ స్టూలెక్కి ఒకటి తినేసింది. ఆగని వాంతులు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. ఇది నా పంతం కాదు బేబేజీ, దాని జబ్బు. సీలియాక్ అంటారట. గోధుమ కడుపులో పడితే పేగు లోపలి పొర పాడైపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు. రవ్వంత చాలు. బతికినన్నాళ్ళూ ముట్టకూడదు.

బజారులో గోధుమ తగలని పిండి అడిగితే కొట్టువాడు, "గోధుమ తగలనిదే కావాలంటే ఎదురుగా చెప్పుల షాపుంది బీబీజీ, అక్కడ అడగండి" అన్నాడు. ఇంగువ డబ్బాలో కూడా గోధుమపిండి కలుపుతారని తెలిసి పారేశాను. పిల్లకి పెనం వేరు, జల్లెడ వేరు, గరిటె వేరు.

మీ కోడలు

తా.క. డాక్టరుది అమృత్‌సరే. పరాఠాలు తినే మనిషే.

*

కోట్లీ

నా బిడ్డ, పుత్త్ నవ్‌రీత్‌కు అత్త దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నా చేతి లడ్డూ నా బంగారాన్ని మంచాన పడేసింది. ఇక చూడు. నచత్తర్ సింగ్ పిండిమర రాళ్ళు దగ్గరుండి కడిగించాను. "పెళ్ళికూతురికి కూడా ఇంత స్నానం చేయించరు బేబే" అన్నాడు. "నోర్మూసుకుని రుద్దు" అన్నాను. మొక్కజొన్న గింజా గింజా నేనే ఏరి ఆడించాను. ఇంటికి తెచ్చి, రొట్టెకి కుదిరేలా నా చేత్తోనే సరిచేసి బస్తా కుట్టాను. పిల్ల కోలుకునేదాకా నేనూ గోధుమరొట్టె ముట్టనని వాహెగురుకి మొక్కుకున్నాను.

నీ అత్త

తా.క. మీ మామగారూ మొక్కజొన్నే తింటున్నారు. ఆయన మొక్కుకోలేదు, నేనే ఇంకోటి పెట్టడం లేదు.

*

లూధియానా

బేబేజీకి నమస్కారాలు.

మీ పిండి రొట్టెలు మెహతాబ్‌కి ప్రాణం. ఆవాకు కూరతో రోజూ అవే కావాలంటుంది. కానీ పిల్ల మళ్ళీ నీరసపడిపోయింది బేబేజీ. కడుపు ఉబ్బి, చేతులు పుల్లలై, దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడి వస్తోంది. "ఇంట్లో ఎవరో దొంగతనంగా గోధుమ పెడుతున్నారు, ఇలాగే సాగితే పిల్ల దక్కదు" అని డాక్టరు నా మీద అరిచాడు. ఇంటికొచ్చాక మీ అబ్బాయి, "నిజం చెప్పు, ఏం పెడుతున్నావు?" అని నన్నే అడిగారు. నేనేం పెడతాను? మూతలన్నీ తీసి వాసన చూస్తూ వంటింట్లో తిరుగుతున్నాను. భయమేస్తోంది.

మీ కోడలు

తా.క. మెహతాబ్ అడగమంది. ఇక్కడ కొన్న మొక్కజొన్నపిండితో నేను చేస్తే రొట్టె తడుతుండగానే విరిగిపోతోంది. మీ పిండిది ఎందుకు విరగదు?

*

కోట్లీ

పుత్త్, ధైర్యంగా ఉండు.

జగ్‌సీర్‌కి వేరే ఉత్తరంలో గడ్డి పెట్టాను. తల్లిని అనుమానించడానికి వాడికి నోరెలా వచ్చింది? ఆ స్కూలు టిఫిన్ల మీద కన్నేసి ఉంచు. పక్కింటివాళ్ళని పిల్ల దగ్గరికి రానివ్వకు. నా బస్తా ఒక్కటే నమ్ము, దానికి గోధుమ గాలి కూడా సోకనివ్వలేదు. నాకు నిద్ర పట్టడం లేదు. దాని బదులు నన్ను తీసుకుపొమ్మని రోజూ దండం పెడుతున్నాను.

నీ అత్త

తా.క. రొట్టె సంగతి మీ అమ్మ నీకు నేర్పలేదా వెర్రిదానా? ఉత్త మొక్కజొన్న ఎక్కడైనా నిలుస్తుందా? పట్టు కోసం గుప్పెడు గోధుమపిండి కలపాలి. అందరూ కలిపేదే, దాన్నెవరూ గోధుమరొట్టె అనరు. పిల్ల నీరసపడిందన్నావని ఈసారి బస్తాలో రెండు గుప్పిళ్ళు ఎక్కువే వేశాను. పొద్దుటి బస్సుకి పంపాను, ఈ ఉత్తరం కన్నా ముందే అందుతుంది. వేడివేడిగా చేసి పెట్టు.