ఎలిజబెత్ టీచరమ్మ మీద నేనిచ్చిన అర్జీని చించివేయుట గురించి

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
రాగులకుంట గ్రామ నివాసి, పట్టుచీరలు నేయు హనుమంతప్ప, వయస్సు అరవై నాలుగు, వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: మా ఊరి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని ఎలిజబెత్ గారిపై గత నెల నేను సమర్పించిన అర్జీ తప్పని నేనే ఒప్పుకొనుచు, ఆగిన పాఠములను తిరిగి మొదలుపెట్టించమని కోరుట.

సదరు అర్జీని వాపసు తీసుకొనుటకు మొన్న సోమవారం తమ కార్యాలయమునకు స్వయముగా వచ్చితిని. అక్కడి గుమాస్తా గారు, "ఏమప్పా, అర్జీ ఇచ్చేదానికి దోవ ఉండాది గానీ వాపసు తీసుకునేదానికి లేదు. కావాలంటే ఇంగొకటి రాసుకో" అని సెలవిచ్చినారు. కావున ఇది ఇంకొకటి.

1. టీచరమ్మ ప్రతి శనివారం పిల్లలకు జాగ్రత్త పాఠం చెప్పసాగినారు. ఫోనులో ఎట్లా మెలగాలి, వీధిలో ఎట్లా మెలగాలి అన్నది అందులో విషయము. ఇంటింటా ఒక రహస్య మాట పెట్టుకోవాలనీ, పిల్లను తీసుకుపోవడానికి ఎవరొచ్చినా ఆ మాట చెబితేనే వెంట పోవాలనీ మొదటి పాఠంలో చెప్పినారు. మా ఇంట్లో ఆ మాట పెట్టినది మూడవ తరగతి చదువుతున్న నా మనవరాలు త్రివేణి. అది ఏ మాటో ఇక్కడ వ్రాయుటకు నాకు అనుమతి లేదు.

ఆ వారంలోనే, మూడు నెలలుగా చుక్క రాల్చని ఆకాశం సరిగ్గా బడి వదిలే వేళకు మబ్బు పట్టింది. గొడుగు తీసుకుని బడికి పోయినాను.

"మాట చెప్పు తాతా" అన్నది పిల్ల, గేటు లోపలి నుంచి.

"నేను మీ తాతనే గదమ్మా!"

"తాతవని తెలుసు. మాట చెప్పు."

మాట మరిచిపోయినాను. పప్పు, ఉప్పు, పూరీ, పులిహోర అని పదహారు మాటలు చెప్పి చూసినాను. మొదటి అక్షరమైనా చెప్పమని బతిమాలినాను. వాన వచ్చింది. పిల్ల తడుస్తుందని గొడుగు గేటు సందులోంచి లోపలికి ఇచ్చినాను. గొడుగు తీసుకున్నది, గేటు తీయలేదు. చివరికి నా భార్య నాగలక్ష్మమ్మ వచ్చి చెవిలో మాట చెప్పి పిల్లను తీసుకుపోయింది. వాళ్ళిద్దరూ గొడుగు కింద, నేను వెనకాల.

2. మరుసటి ఆదివారం నా బావమరిది కుళ్ళాయప్ప కదిరి నుంచి వచ్చినాడు. అలవాటు కొద్దీ త్రివేణి బుగ్గ గిల్లబోయినాడు. పిల్ల ఒక అడుగు వెనక్కు వేసి, "నా బుగ్గ నాది. నాకిష్టం లేదు తాతా. నమస్తే" అని రెండు చేతులూ జోడించింది. కుళ్ళాయప్ప అలిగి, తనకోసం చేసిన ఓళిగలు, అదే బొబ్బట్లు, ముట్టకుండా బస్సెక్కినాడు. అప్పటి నుంచి నా భార్యకూ వాళ్ళ తమ్మునికీ మాటలు లేవు. తప్పు మాత్రం నాదని ఇంట్లో తీర్మానమైనది.

3. పై కారణముల వలన కడుపు మండి, "పిల్లలు పెద్దలను దొంగల వలె చూచుచున్నారు, ఇట్టి బోధన మా గ్రామ మర్యాదకు భంగకరము" అని తమకు అర్జీ వ్రాసితిని. దాని కింద పదకొండు సంతకములు కలవు. వాటిలో నాలుగు నావే. విచారణ పూర్తయ్యే వరకు పాఠం ఆపవలెనని తాము ఉత్తరువు ఇచ్చినారు. ఐదు పాఠాల్లో రెండే అయినవి. టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. బజారులో ఎదురుపడితే, "మీ అర్జీ చదివినానప్పా. తెలుగు బాగా రాస్తారు" అన్నది.

4. అయ్యా, ఇప్పుడు అసలు సంగతి. ఇది వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది.

పోయిన బుధవారం కొడుకూ కోడలూ నేసిన చీరలు అంగడికి వేయడానికి ధర్మవరం పోయినారు. పొద్దున పది గంటలకు మగ్గం గుంతలో కూర్చుని ఉండగా నా ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. పోలీసు టోపీ పెట్టుకున్న మనిషి. నా పేరు మీద పార్సిలులో మత్తుమందు దొరికిందట. నన్ను ఇంట్లోనే అరెస్టు చేసినారట. ఫోను ముందు నుంచి కదలరాదు, ఎవరికీ చెప్పరాదు, చెబితే కొడుకును కూడా పట్టుకుపోతామన్నాడు. నేను జీవితంలో పార్సిలు పంపినది ఎరుగను. అయినా నమ్మినాను. భార్య అన్నానికి పిలిస్తే ఉపవాసమన్నాను. మూత్రానికి పోవలసి వచ్చి, "సార్, రెండు నిమిషాలు పర్మిషన్" అని అడిగినాను. ఫోను వెంట తీసుకుపొమ్మన్నాడు. తీసుకుపోయినాను.

సాయంత్రం నాలుగింటికి, ఫోనుకు వచ్చిన అంకెలు చదివి చెప్పమన్నాడు. కండ్లద్దాలు వెతుకుతుండగా బడి నుంచి త్రివేణి వచ్చింది.

"తాతా, ఎవురితో మాట్లాడ్తాండావ్?"

"ష్! పోలీసాయన. ఎవురికీ చెప్పగూడదు."

"ఎవురికీ చెప్పగూడదని ఎవురన్నారు?"

"ఆ సారే."

అంతే. ఎవరైనా 'ఇది ఎవరికీ చెప్పవద్దు' అంటే ఆ క్షణమే ఇద్దరికి చెప్పాలని రెండో పాఠమట. పిల్ల వాకిట్లోకి ఉరికి ఇద్దరికి కాదు, వీధికంతా చెప్పింది. "అవ్వా! రాండి! తాతను ఎవురో భయపెడ్తాండాడు!" అని దాని కేక. వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ లోపలికి వచ్చి ఫోనులోకి తల పెట్టి, "సార్, నీది ఏ స్టేషను? ఉండు, మా టీచరమ్మ వస్తాది, ఆమెతో మాట్లాడు" అన్నది. టోపీ మనిషి కాల్ కట్ చేసినాడు.

నేను గుంతలోనే కూర్చుండిపోయినాను. జనం మూగినారు. త్రివేణి గుంత అంచున కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదు తాతా. చెప్పినావు గదా, మంచి పని చేసినావు" అన్నది. నేను చెప్పలేదు, అదే కనిపెట్టింది. అయినా ఆ మాట వినగానే, అరవై నాలుగేండ్ల మనిషిని, వీధి జనం ముందర ఏడ్చినాను. తోటి పిల్లలు వచ్చి తమ భయం చెప్పుకున్నప్పుడు మొదట అనవలసిన మాట అదేనని టీచరమ్మ నేర్పిందని తరువాత తెలిసినది. ఆమే వచ్చి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కు ఫోను చేయించి, బ్యాంకుకు కబురు పెట్టించింది. ఏమీ పోలేదు, నా పరువు తప్ప.

5. కావున తమరు దయయుంచి ఆగిన మూడు పాఠములను వచ్చే శనివారం నుంచే మొదలుపెట్టించవలెను. వెనక బెంచీలో పెద్దలు కూర్చొనుటకు అనుమతి ఇవ్వవలెను. మా వీధి నుంచి తొమ్మిది మంది వస్తామన్నారు. కుళ్ళాయప్పను కూడా పిలిపించినాను. ఉపాధ్యాయిని గారికి పంపిన సంజాయిషీ నోటీసు రద్దు చేయవలెను. సంజాయిషీ ఇవ్వవలసినది నేను, పైన ఇచ్చినాను.

ఈ మనవిని చిత్తగించవలెను. చిత్తగించిన పిమ్మట పాతదానిని చించవలెను.

తమ విధేయుడు,
హనుమంతప్ప

తా.క.: ఇది కవరులో పెడుతుండగా ఒకాయన ఫోను చేసి, తాను తమ కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాననీ, నా పాత అర్జీ విచారణకు ఆధార్ నంబరు చెప్పమనీ అడిగినాడు. "దొంగ నా కొడకా, నీ మొగానికి ఆధార్ కావాల్నా?" అని మొదలుపెట్టి, ఇక్కడ వ్రాయదగని మాటలు కూడా అని, ఫోను త్రివేణికి ఇచ్చినాను. అది ఇంకా నాలుగు అడిగింది. ఆ మాట్లాడినది ఒకవేళ తామే అయినచో క్షమించవలెను. నంబరు మాత్రం చెప్పను. తమరే మా ఇంటికి రండి, ఓళిగలు చేయిస్తాను.