ఎవరేం చూశారో

బుధవారం, తాడేపల్లిగూడెం

ఇంట్లోని సినిమాలూ పాత వీడియోలూ టీవీలో చూసుకోవడానికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే మేలనుకున్నాను. ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేరేమో ముందు వాళ్ళ దగ్గర అకౌంటు తెరవమంది. మేం ఏం చూస్తామో వాళ్ళకెందుకు? పోయిన వారం, ఆకివీడులో చేపల చెరువులకు కెమెరాలు బిగించే ప్రసాదు వచ్చి అంతా పెట్టి వెళ్ళాడు.

"ఊరికే ఎందుకిస్తారయ్యా?" అన్నాను.

"కోడంతా బయటే ఉంటుందండీ. ఎవరైనా చదువుకోవచ్చు."

"నువ్వు చదివావా?"

"నేనెక్కడ చదువుతానండీ!"

వెళ్తూ నవ్వాడు. "కెమెరా పెట్టించుకున్నాక ఓనర్లు చెరువు చూడరండీ. కాపలావాణ్ణే చూస్తుంటారు."

అయినా అనుమానం తీరలేదు. ఇది మా సంగతులు ఎవరికైనా పంపుతోందేమోనని ఇవాళ స్కూలు నుంచి రాగానే సెట్టింగులన్నీ వెతికాను. ఎవరికీ పంపడం లేదు. కానీ ఇంట్లో ఎవరు ఏ వేళ ఏం చూశారో అంతా రాసి పెట్టుకుంటోంది. మా ఆవిడ సునీత తన కాలేజీ వార్షికోత్సవం వీడియో ఈ మధ్యాహ్నం మూడుసార్లు చూసింది.

"మధ్యాహ్నం ఏం చేశావు?" అన్నాను.

"పడుకున్నానండీ."

తను వంటింట్లో ఉండగా ఆ వీడియో నేనూ చూశాను. సునీత పాడుతోంది. పక్కన ఎవరో హార్మోనియం వాయిస్తున్నాడు. పాటంతా తనవైపే చూస్తున్నాడు.

అడుగుదామంటే, "మీకెలా తెలుసండీ?" అంటుంది.

ఆ కంపెనీలోనే అకౌంటు తెరవాల్సింది. హార్మోనియం వాయించేవాడెవడని వాళ్ళు మాత్రం ఇలా కూర్చుని ఆలోచించరు.