కవాతు మైదానంలో వెనక వరస

బోస్టన్, సెప్టెంబరు 1774

ప్రియమైన నాన్నకు,

మేం క్షేమం. రేవు మూసేసినప్పటి నుంచి మీ అల్లుడికి పీపాల పని లేదు. రాజుగారి పన్ను ఉందని టీ మానేసి కోరింద ఆకులు మరిగించి తాగుతున్నాం. వీధి నిండా రాజుగారి ఎర్రకోటు సిపాయిలే.

నేను రాసేది వేరే సంగతి. రాజుగారి పత్రంతో మీలా ఊరి దళాలకు కెప్టెన్లయిన వాళ్ళను జనం ఎక్కడికక్కడ దింపేస్తున్నారట. ఒక ఊళ్ళో పదవి వదలనన్నాయన కిటికీలన్నీ పగలగొట్టారు. మీ అంతట మీరే దిగిపోండి నాన్నా. తమ్ముడు జేబెజ్ రాజుగారికి ఎదురు పక్షమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర ఎలా భోంచేస్తున్నారో తలుచుకుంటేనే దిగులేస్తోంది.

మీ కూతురు
హిట్టీ

ఆష్‌వెల్

అమ్మా హిట్టీ,

భోజనాల గురించి దిగులు పడకు. మాటలు లేకపోతే తిండి త్వరగా అయిపోతుంది.

నువ్వు అల్లం రొట్టె కోసం మారాం చేసిన ఆ కవాతు మైదానం ఒకప్పుడు తోడేళ్ళు తిరిగిన అడవి. మా తాత మొద్దులు పెకలించి ఊరికి ఇచ్చాడు. మా అన్న అక్కడి నుంచే ఫ్రెంచివాళ్ళ మీదికి నడిచి వెళ్ళాడు, తిరిగి రాలేదు. నేను రాజుగారి పేర ప్రమాణం చేసిందీ అక్కడే. ఊళ్ళో మగవాళ్ళందరికీ ఎడమకాలేదో కుడికాలేదో నేర్పింది నేను. తోళ్ళు పదునుపెట్టే సైలస్ గోర్‌కి ఇప్పటికీ తెలియదు. ఇకమీదట వాడే కెప్టెన్ అట.

గురువారం మైదానంలో కెప్టెన్ ఎన్నిక. మన పద్ధతి నీకు తెలుసుగా. ఎవరు కెప్టెన్ కావాలనుకుంటే వాళ్ళ వెనకాలకు వెళ్ళి నిలబడాలి. నిలబడ్డవాడు మళ్ళీ కదలకూడదు. ఎవరూ రాకపోతే ఒక్కణ్ణే నిలబడతాను. దేవుడి పేరు చెప్పి చేసిన ప్రమాణాన్ని కిటికీ అద్దాలకు భయపడి తప్పలేను.

మీ నాన్న
జేడాక్ పెల్

బోస్టన్

ప్రియమైన నాన్నకు,

గురువారం దాటి చాలా రోజులైంది, మీ ఉత్తరం లేదు. పీపా చెక్కనైనా ఆవిరి పట్టి వంచొచ్చు గానీ మీ నాన్నను వంచలేమంటున్నారు ఈయన.

మీకు చెప్పకుండా జేబెజ్‌కు రాశాను, ఏం జరిగినా నాన్నను ఒంటరిగా వదలొద్దని. అంతకు మించి ఏమీ అడగలేదు. ఇవాళ మీ వైపు నుంచి వచ్చిన కట్టెల బండివాడు ఏమన్నాడో తెలుసా? "పెల్ గారబ్బాయి కూడా రాజు మనిషేనంటమ్మా. ఇహ ఆ ఇంటికి నిప్పెట్టడమే తరువాయి."

ఏం జరిగింది నాన్నా? నా ఉత్తరం తమ్ముడి కొంప ముంచిందా? ఒక్క ముక్క రాయండి.

హిట్టీ

ఆష్‌వెల్

అమ్మా హిట్టీ,

ఇల్లు నిలబడే ఉంది. బండివాడు ఎన్నిక సగంలోనే బయల్దేరినట్టున్నాడు, మిగతాది చూడలేదు.

అందరూ సైలస్ వెనక్కి వెళ్ళారు. నేను నేర్పినట్టే, వరస చెడకుండా వెళ్ళారు. అప్పుడు కూడా నాకది బాగుందనిపించింది. జేబెజ్ ఒక్కడే మధ్యలో మిగిలాడు. కాసేపాగి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఎందుకొచ్చావురా?"

"అక్క రాసింది."

"నీకేమన్నా మతిపోయిందా? పో అటు."

"నిలబడ్డాక కదలకూడదుగా నాన్నా. మీరు నేర్పిందే."

అవతలి నుంచి ఎవడో అరిచాడు, "ఇద్దరికీ తారు పూసి ఈకలు అంటించండ్రా." కొందరు ముందుకు కదిలారు కూడా. నా సంగతి నేను ఎప్పుడో తేల్చుకున్నాను. వాణ్ణి మాత్రం వాళ్ళకు వదల్లేకపోయాను.

టోపీ తీసి గట్టిగా అన్నాను. "ఆగండయ్యా, ఎందుకంత తొందర? వీడు నా పక్షాన నిలబడ్డానికి రాలేదు. నన్ను అటు తీసుకుపోడానికొచ్చాడు. ముసలాణ్ణి, కదలటానికి కాస్త ఆలస్యమైంది, అంతే."

జేబెజ్ నోరు తెరవబోతే మోచెయ్యి పట్టుకుని నొక్కాను. ఇద్దరం నడిచి వెళ్ళాం. రాజుగారి పత్రం సైలస్ చేతిలో పెట్టాను. వాళ్ళు నమ్మారో, నమ్మినట్టు ఊరుకున్నారో తెలియదు.

మా తాత ఇచ్చిన నేల మీద నిలబడి అబద్ధమాడాను. ప్రమాణమూ తప్పాను. దేవుడికి ఏం జవాబు చెప్పాలో ఇంకా తోచలేదు. నీ మీద కోపం లేదు. ఇంటికొచ్చాక జేబెజ్, "మీకు అబద్ధమాడటం చేతకాదు నాన్నా" అన్నాడు. అలా మళ్ళీ బల్ల దగ్గర మాటలు మొదలయ్యాయి.

ఇప్పుడు వెనక వరసలో, వాడి పక్కన కవాతు చేస్తున్నాను. నిన్న సైలస్ నా వైపు చూసి, "పెల్, ఎడమకాలు" అని అరిచాడు. నేను వేసింది ఎడమకాలే. అయినా మార్చుకున్నాను.

మీ నాన్న