కొత్త బండికి నిమ్మకాయ

ఆగస్టు 1

కొత్త కారు వచ్చింది. శ్రావణ శుక్రవారం, అన్నకి ఇంతకన్నా మంచిరోజు దొరకదు. మైసమ్మ గుడి ముందు పూజ. గుమ్మడికాయ కొట్టింది నేను. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది నేను.

తొక్కించింది వాడు.

వంశీ. డ్రైవర్‌గా వచ్చి వారం కాలేదు. భీమవరం వైపు నుంచి దిగాడు, పేట్ బషీరాబాద్‌లో గది. షోరూమ్ వాళ్లు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పారు. నేను బయట, చెప్పులకి కాపలా పెట్టినట్టు. అన్న తూంకుంటలో మొదటి వెంచర్ వేసినప్పటి నుంచి ఆయన బండి తోలేది నేను. అయినా ఆ తాళం — తాళం కూడా కాదు, గుండీలున్న నల్ల బిళ్ల — వాడి చేతిలో పెట్టాడు.

"యాదగిరీ, నువ్వు పాతదే తోలురా. గిండ్ల మస్తు సిస్టమ్‌లున్నయి. నీకెందుకు పరేషాన్."

నాకు పరేషాన్ అట.

ఆగస్టు 2

శనివారం. బండ్లకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టడం నా పని. దీన్ని ఇంకా ఎవడూ లాక్కోలేదు. అన్న వాళ్లమ్మ, అవ్వ, మెట్ల మీద కూర్చుని చూస్తుంది, ఎప్పట్లాగే.

"పక్కకు గాదురా యాదిగా, నడిమిట్ల కట్టు. దిష్టి నడిమికే తగుల్తది."

నడుమనే కట్టాను. కంపెనీ గుర్తు కింద నున్నటి నల్ల పలక ఒకటి ఉంది, దాని మీదికి వేలాడేలా. పెద్ద నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు, బొగ్గు ముక్క. బాగానే ఉంది. ఆ కారులో నా చెయ్యి పడింది అదొక్కటే.

ఆగస్టు 4

"రండన్నా, ఒకసారి కూర్చోండి, చూపిస్తాను. చేతులు వదిలేసినా లైన్లోనే పోద్ది" అంటాడు వంశీ.

రోడ్డు మీద లైనుంటే కదా పోయేది. లాల్‌గడి మలక్‌పేట్ దారిలో లైను ఎవడు గీశాడు?

"నాకు చేతులున్నయి" అన్నాను.

నవ్వాడు. మంచివాడిలా నవ్వుతాడు. మంట అదే. నన్నెవరూ రండి అనలేదు... నీళ్ల ట్యాంకర్ మీద కూర్చుని, డ్రైవర్ కాళ్లు చూసి నేర్చుకున్నాను. చదవడమూ అంతే. షాపుల బోర్డులు చూసి.

ఆగస్టు 6

అవ్వ కొత్త కారులో కొంపల్లి పోయింది. కంటి పొర తీయించుకున్నాక డాక్టర్ మళ్లీ రమ్మన్నాడు. ఎప్పుడూ నా బండే. నా వెనక సీట్లో ఆ మూల, తల అద్దానికి ఆనించి, సగం దారిలోనే గురక. ఆ గురక ఆగకూడదని గుంత రాకముందే బ్రేకు మీద కాలు పెడతాను, పసిపిల్ల మీద చెయ్యి వేసినట్టు.

సాయంత్రం అడిగాను, ఎట్లుంది అవ్వా అని. ఎందుకడిగానో.

"సల్లగున్నదిరా. పరుపు మీద పన్నట్టే ఉన్నది. నడుమ నడుమ పిట్ట లెక్క గూస్తున్నది గని, మస్తు నిద్ర వట్టింది."



ఆగస్టు 8

ఇవాళ నవ్వొచ్చింది. ముందు వంశీ, అన్నతో. వెనక నేను, ప్లాట్లు చూసే పార్టీని ఎక్కించుకుని. షామీర్‌పేట దాటాక రోడ్డు ఖాళీ — గేదె లేదు, కుక్క లేదు. ముందు కారు ధన్‌మని ఆగింది. గుద్దేవాణ్ణే.

అన్న దిగాడు. "ఏమైందిరా, దయ్యం గనవడ్డదా?"

"నేను తొక్కలేదు సార్. కారే వేసేసింది."

"కారేసిందట! కారుకు కాళ్లున్నయారా?"

పార్టీ వాళ్లు నవ్వారు. వాళ్లకన్నా గట్టిగా నేను.

ఆగస్టు 11

కారు షోరూమ్‌కి పోయి వచ్చింది. కడిగి, తుడిచి, నిమ్మకాయ తెంపేసి పంపారు. ఏ లోపమూ లేదట. వాళ్లు తోలినప్పుడు ఒక్క కూత కూడా లేదట. అన్న వంశీని చూసిన చూపు... నాకు పండగ.

అవ్వ మాత్రం నన్ను కేకేసింది. "బోడి మొకంతోని నిలవెట్టిన్రు బండిని. జల్దీ కట్టురా."

కట్టాను.

ఆగస్టు 13

మళ్లీ ఊరికే బ్రేకులు. మళ్లీ తిట్లు. వినడానికి హాయిగా ఉంది.

ఆ హాయి సాయంత్రం దాకా కూడా లేదు. అన్న ఫోన్‌లో బావమరిదితో — "చవితి అయినంక పాతది అమ్మేస్త. బండొక్కటుంటే డ్రైవర్ గూడ ఒక్కడే సాలు."

ఆ ఒక్కడు ఎవడో చెప్పలేదు. పాత బండి అద్దం తుడుస్తున్నాను. తుడిచిన చోటే తుడుస్తూ ఉండిపోయాను.

ఆగస్టు 14

వంశీకి జ్వరం. అన్న ఆ బిళ్ల నా వైపు విసిరాడు.

కూర్చోగానే సీటు దానంతటదే వెనక్కి జరిగింది. వాడి కాళ్ల పొడవుకి. సీటుకి కూడా వాడే గుర్తు. నా కాలు బ్రేకుకి అందలేదు, అన్న ముందు గుండీలు వెతుక్కున్నాను. గుంత తప్పిద్దామని పక్కకి తిప్పితే స్టీరింగ్ నా చేతిని వెనక్కి గుంజింది. ఎద్దు కొమ్ములు పట్టుకున్నట్టు పట్టుకున్నాను. తర్వాత తెర మీద కప్పు బొమ్మ. అలసిపోయావు, ఆగి ఏమన్నా తాగు అని. నేను అలసిపోయింది నాకు తెలియదా? నీకెవడు చెప్పాడు?

మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర ముగ్గురెక్కిన బైకు అడ్డం దూరింది. నా కాలు పోతూనే ఉంది. అది ముందే వేసేసింది.

"సూసినవా, నీకంటె ముందుగాల బండికే గనవడ్డది" అన్నాడు అన్న.

వాడి మీద కుళ్లు ఒక రకం. ఇనుము మీద కుళ్లు... దీన్నేమనాలి?

ఆగస్టు 16

శనివారం.

ఇంజను ఆపకుండానే పాత నిమ్మకాయ తెంపబోయాను. లోపల కూత. చేత్తో పైకి ఎత్తాను. ఆగింది. వదిలాను. కూసింది. ఎత్తాను — ఆగింది.

నల్ల పలక. అది దాని కన్ను. ఆ కంటి ముందు నిమ్మకాయ ఊపుతున్నది నేను. అది ఊగినప్పుడల్లా దానికి ఏదో అడ్డం వచ్చినట్టు. షోరూమ్‌లో కూయనిది అందుకు.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

కొత్తది కట్టాను. అక్కడే. దారం కొంచెం పొడుగ్గా వదిలి.

ఆగస్టు 17

చెప్పలేదు.

ఆగస్టు 18

వంశీ ఎదురొచ్చాడు. జ్వరం తగ్గి మొహం పీక్కుపోయింది. చెప్పొచ్చు. ఒక్క మాట. ఒక్కటే బండి, ఒక్కడే డ్రైవర్ — నోరు రాలేదు.

ఆగస్టు 20

అవ్వకి దెబ్బ తగిలింది.

కొంపల్లి నుంచి వస్తుంటే తూంకుంట దగ్గర, ఏమీ లేని చోట బ్రేకు. అవ్వ నిద్రలో ఉంది. నుదురు పోయి ముందు సీటుకి. పొర తీసిన కంటికి పైనే, నిమ్మకాయంత వాపు. కన్నుకేం కాలేదన్నాడు డాక్టర్. ఇంకొంచెం కిందికైతే పోయేదన్నాడు.

వంశీ తలుపు దగ్గర నిలబడి ఏడ్చాడు. అన్న చెయ్యెత్తాడు. అవ్వే ఆపింది. "ఇడిసిపెట్టురా, పోరడు బుగులు వడ్డడు."

నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను. గ్లాసు పట్టుకుని నా చెయ్యి కూడా పట్టుకుంది. వదిలించుకుని వచ్చాను.

ఆగస్టు 21

"యాదగిరన్నా, మీకు బండ్ల సంగతి తెలుసు కదా. నేనేం తప్పు చేశానో చెప్పండన్నా" అన్నాడు వంశీ. "నిన్న అసలు నా కాలు బ్రేకు మీదే లేదు. అమ్మ తోడు."

"నీ సిస్టమ్‌లను అడుగు" అన్నాను.

వెళ్లిపోయాడు. గెలిచిన మాట. నోట్లో మాత్రం చేదు.

రేపు తీసేద్దాం అనుకున్నాను. తీసేసి, అవ్వ అడిగితే ఏం చెప్పాలి? నిమ్మకాయే బ్రేకు వేసిందంటే మరి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదురా అంటుంది. ఏ రోజు తెలిసిందిరా అంటుంది.

ఆగస్టు 22

తీయలేదు.

ఆగస్టు 23

శనివారం, పైగా అమావాస్య. పొద్దున్నే బ్రోకర్ వచ్చి పాత బండి తీసుకుపోయాడు, ఎవరికో చూపించాలట. అవ్వకి ఇవాళ వాపు చూపించాలి. కొత్త కారే దిక్కు.

అన్న అందరూ వినేలా చెప్పాడు. "వంశీ, ఇయ్యాల ఇంకొక్కసారి ఊకెనే బ్రేకు వడితే, బ్యాగు సదురుకొని అట్నుంచి అటే పో. యాదగిరి తోల్తడు."

యాదగిరి తోలుతాడు. ఎన్నాళ్లు ఎదురుచూశాను ఈ మాటకి.

వంశీ కారు తలుపు తెరిచి నిలబడ్డాడు. మొన్నటి నుంచి నిద్ర లేని కళ్లు. బిళ్లని గుప్పిట్లో నలుపుతున్నాడు. కారు ముందు ఖాళీగా ఉంది — పాత నిమ్మకాయ తెంపేశాను, కొత్తది ఇంకా కట్టలేదు.

అవ్వ నుదుటికి కట్టుతో మెట్ల మీద కూర్చుంది. కట్టు కంటి మీదికి జారుతోంది. అయినా చూస్తోంది.

"ఇయ్యాల అమాస. పెద్దది కట్టురా యాదిగా. ఎవనిదో పాడు కన్ను వడ్డది ఈ బండి మీద. నడిమిట్లనే కట్టు."

"నేను కడతా అమ్మగారూ, ఆలస్యమవుతుంది" అన్నాడు వంశీ.

"నువ్వొద్దు బిడ్డా. ఎవ్వలు తోల్తె నాకేంది, కట్టుడు మాత్రం వాడే కట్టాలె. వాని చెయ్యి సల్లటిది."

దారం లేదన్నాను. లోపలికి వచ్చాను. దారం నా జేబులోనే ఉంది. షెడ్డులో ఈ స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను, నిమ్మకాయ ఒళ్లో. మిరపకాయలు గుచ్చడం అయిపోయింది.

బయట వంశీ ఇంజను ఆన్ చేశాడు. కూత లేదు. ఎంత మెత్తగా ఉందో ఆ చప్పుడు.

అవ్వ పిలుస్తోంది. "యాదిగా... దొర్కిందారా?"