మెట్ల కింద డ్రమ్ముల జత

వదినా,

వ్యాన్ బ్రేకులు విప్పి ఉంది కాబట్టి రొట్టెల బుట్టలు ఆటోలో వేసుకుని బయల్దేరుతున్నాను. నిన్న మనం కొన్న పాత బ్రేకు డ్రమ్ములు రెండూ మెట్ల కింద గోనెసంచిలో ఉన్నాయి. తలుపుకి అడ్డం పెట్టుకుంటానని అన్నయ్య ఒకటి అడుగుతాడు, ఇవ్వకు. జత విడిపోతే బండి ఒక పక్కకి లాగుతుందని నువ్వే చెప్పావు కదా. స్ప్రింగులు కిటికీలో డబ్బాలో పెట్టాను.

నిన్న ఆ పాత సామాన్ల షాపాయన మొదటి డ్రమ్ము చూపించి "అదే మోడలమ్మా, కళ్ళు మూసుకుని బిగించెయ్యండి" అంటే నేను తలూపేశాను. బోల్టు కన్నాలు కూడా సరిపోయాయి మరి! నువ్వు మాత్రం సంచిలోంచి డ్రమ్ము లోపల ఒత్తుకునే మన బ్రేకు షూ తీసి, సుద్దముక్క రాసి, డ్రమ్ములో ఆనించి తిప్పావు. సుద్ద మధ్యలోనే చెరిగింది, రెండు కొసలూ తెల్లగా ఉండిపోయాయి. డ్రమ్ము లోపల వెడల్పు ఎక్కువ, బ్రేకు సరిగ్గా పట్టదన్నమాట. ఆయన లోపలికెళ్ళి, ఒకే బండి నుంచి ఊడదీసిన ఈ జత తెచ్చాడు. రోజూ నిండు లోడుతో మన ఊరి వంతెన వాలు దిగేది నేను. నీ చేతికి దణ్ణం పెట్టాలనిపించింది వదినా.

కానీ ఇంటికొచ్చి అన్నయ్య ముందు నన్ను "కళ్ళు మూసుకునే మరిది" అనడం ఏం బాగోలేదు.

ఇంకోమాట. బిగించాక ఎప్పట్లా ఒక్కదానివే వంతెన మీదికి తీసుకెళ్ళి చూడకు. నేనొచ్చేదాకా ఆగు. పక్కసీట్లో కూర్చుంటాను, కళ్ళు మూసుకుని.