ఉరుమయ్యా? జంటనీడా? కామిక్స్ పెట్టె ఎవరిది?

బావగారికి,

గడియారాల కొట్టు నుంచి మీ బావమరిది నమస్కారాలు. చిన్నప్పుడు మనం కలిసి కొన్న కామిక్స్ పెట్టె మీ ఇంట్లోనే ఉంది. పందెం గుర్తుందిగా? అందులోని వీరులు ఉరుమయ్యకీ జంటనీడకీ కొట్లాట వస్తే ఎవరు గెలుస్తారన్న వాదనలో నెగ్గినవాళ్లకే పెట్టె. మీ ఉరుమయ్య మామూలుగా లైబ్రరీ గుమాస్తా. తుమ్మితేగానీ లోపలి వీరుడు లేవడు. నా జంటనీడ పళ్ల డాక్టరు. దీపం ఆరితే చాలు, యోధుడైపోతాడు. స్విచ్చి నొక్కినంత సేపట్లో మీవాడి పని సరి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: అక్కకి చెప్పకండి. తనకివి అర్థం కావు.

*

బావమరిదికి,

టైపు కొట్టు నుంచి ఆశీస్సులు. లైబ్రరీలో దుమ్ముకి కొదవా? ఒక పాత పుస్తకం దులిపితే తుమ్మొస్తుంది, ఉరుమయ్య లేస్తాడు. మీవాడు రాలగొట్టిన పళ్లకి మళ్లీ మీవాడే వైద్యం చేయాలి. అంత చాకిరీతో ఎన్నాళ్లు కొట్లాడతాడు?

ఇట్లు,
మీ బావ

తా.క.: గుమాస్తా ఆరోజు జలుబు మాత్ర వేసుకుంటే మాత్రం ఉరుమయ్య గతి ఏమిటో నాకూ తెలియదు.

*

బావగారికి,

నమస్కారాలు. జలుబు మాత్ర సంగతి మీరే ఒప్పుకున్నారు కాబట్టి పెట్టె నాది. ఆదివారం వస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: పెట్టె మెట్లు దింపేది ఓడినవాళ్లే.

*

బావమరిదికి,

జలుబు మాత్ర ఎక్కడిది? నేను ఆ మాటే అనలేదు. ఓడిపోతున్నావని కల్పిస్తున్నావు. నిన్ను అబద్ధాలకోరు అనాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఆదివారం తప్పక రా. జంటనీడ మాత్రం రాలేడు. పిల్లలు భయపడతారని డాక్టరు గదిలో దీపం ఆర్పనే ఆర్పరు. ముప్పై రెండో సంచిక, ఏడో పేజీ.

*

బావగారికి,

పైన అబద్ధాలకోరంటారు, కింద తప్పక రమ్మంటారు. పైన ఉరుమయ్యని మోస్తారు, కింద ఇద్దరినీ ముంచుతారు. మీలోనే ఇద్దరున్నారు. 'ఇట్లు'కి పైనున్న బావతో ఇక నాకు మాటల్లేవు. కిందున్న బావంటే భయంగా ఉంది, ముప్పై రెండో సంచిక నాకే గుర్తులేదు. చిన్నప్పటి నుంచి నాకున్న స్నేహితులు మీరొక్కరే. చాలా బాధగా ఉంది. పెట్టె మీరే ఉంచుకోండి. నేను రాను.

ఇట్లు,
బావమరిది

తా.క.: డాక్టరుకి చూపించుకోండి. పళ్ల డాక్టరుకి కాదు.

*

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావలో ఇద్దరు లేరు. ఉన్న ఒక్కరూ ప్రస్తుతం సగమే పనిచేస్తున్నారు. నీ మొదటి ఉత్తరం రాగానే, ఉరుమయ్య ఎలా దూకుతాడో చూపిస్తానని టైపు బల్ల ఎక్కి దూకి, కుడిచేయి విరగ్గొట్టుకున్నారు. నువ్వు నవ్వుతావని దాచారు. ఆయన చెబుతుంటే టైపు చేసింది నేను. 'ఇట్లు' దాకా ఆయన మాటలు, ఆ తర్వాతవి నావి.

"ముట్టుకోకు, నీకర్థం కావు" అనేవాడివి, గుర్తుందా? అప్పట్లో ఏడుపొచ్చేది. మీరిద్దరూ ఆటలకి పోయినప్పుడల్లా మంచం కింద దూరి అన్నీ రెండేసిసార్లు చదివాను. ఇద్దరినీ ఓడించాను కాబట్టి పెట్టె నాది. తాళం మార్చాను. ఆయన నీ ఉత్తరం చదివి రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఆదివారం రా. చేతులు కడుక్కుంటే చదువుకోనిస్తాను.

ఇట్లు,
అక్క

తా.క.: ఇది ఎడమచేతి వేలితో నేనే కొడుతున్నాను. మీ అక్క వంటింట్లో ఉంది. నిన్ను అనరాని మాట అన్నాను, మనసులో పెట్టుకోకు. తాళంచెవి ఎక్కడ దాచిందో కనిపెట్టాను, త్వరగా రా. - బావ

తా.క.కి తా.క.: అది పాత తాళంచెవి. - అక్క